గారు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆఫీసులో వేరే రాష్ట్రాల వాళ్ళు, అమెరికాలో పెరుగుతున్న మా అక్క పిల్లలు, శుభలేఖ అచ్చుకి ఇచ్చేముందు ఫోన్ చేసే చుట్టాలు, ఇలా చాలామంది ఈ రెండక్షరాల మాట గురించి నన్ను అడుగుతూనే ఉంటారు. అందరికీ విడివిడిగా చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే మేలనిపించి రాస్తున్నాను. నాకు ఈ మాటంటే చాలా ఇష్టం. కోపం వచ్చిన సందర్భాలు కూడా ఉన్నాయి, అవీ రాశాను.

గారు అంటే అర్థం ఏమిటి?

విడిగా అర్థం చెప్పడం కష్టం, ఎందుకంటే ఇది ఒంటరిగా నిలబడే మాట కాదు. పేరు వెనకో, వరస వెనకో, ఉద్యోగం వెనకో చేరితేనే దానికి ప్రాణం. రామారావు గారు, అత్తగారు, కలెక్టర్ గారు. ఎవరి గురించి మాట్లాడుతున్నామో ఆ మనిషి ఒక్కరే అయినా పదిమందికిచ్చే గౌరవం ఇస్తున్నాం అని చెప్పడమే దీని పని. తెలుగులో గౌరవం అంటే బహువచనం. ఒక్కరిని మీరు అంటాం, ఒక్కరు వస్తే వచ్చారు అంటాం, ఒక్కరి పేరు వెనక గారు పెడతాం. మీరు, వారు, గారు, వచ్చారు, అన్నిటి చివరా అదే "రు". తమిళంలో అవర్, కన్నడంలో అవరు చివర ఉన్నది కూడా ఈ కుటుంబానిదే.

అసలు ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది?

సంస్కృతం నుంచి రాలేదు, అది మాత్రం గట్టిగా చెప్పొచ్చు. శ్రీ సంస్కృతం, సార్ ఇంగ్లీషు, జీ ఉత్తరాది మాట. గారు మాత్రం మన నేల మాటే. దీని నడక గమనిస్తే చుట్టరికం ఎవరితోనో తెలిసిపోతుంది: వారు, వారి, వారికి, వారిని, వారితో. గారు, గారి, గారికి, గారిని, గారితో. అడుగులో అడుగు వేసి నడుస్తుంది. పని కూడా అదే.

మన పక్కవాళ్ళూ ఇదే పద్ధతి పట్టారు. తమిళంలో పెద్దవాళ్ళ పేరు వెనక "అవర్గళ్" అంటారు, దానర్థం వారు అనే. కన్నడంలో పేరు వెనక "అవరు" అంటారు, అదీ అంతే. వారు అనే సర్వనామాన్ని పేరు వెనక నిలబెట్టి గౌరవించడం దక్షిణాది అలవాటు, మన దగ్గర ఆ చోట గారు కూర్చుంది.

పాతదే కదా? ఎంత పాతది?

విజయనగర కాలం శాసనాల్లో "మహారాయలుంగారు" అన్న రూపం కనిపిస్తుంది, కృష్ణదేవరాయల (1509-1529) పేరు వెనక కూడా. మధ్యలో ఆ సున్న చూడండి. తిరుమల శాసనాల్లో అన్నమయ్య వంశంలోని తాళ్ళపాక తిరుమలయ్య గారిని తిరుమలయ్యంగారు అని చెక్కారు. అక్కడా అదే సున్న. తర్వాత సున్న జారిపోయి మనకి గారు మిగిలింది. నాకు ఇది చాలా ఆశ్చర్యంగా ఉంటుంది, అంత పెద్ద రాజు పేరు వెనక ఉన్న మాటా, మా వీధి చివర కిరాణా కొట్టు సుబ్బారావు గారి పేరు వెనక ఉన్న మాటా ఒకటే. బిరుదులన్నీ పోయాయి, ఇది మిగిలింది.

తెల్లదొరల కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాల్లో కూడా ఇది ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కింది. తెలుగువాళ్ళ పేర్ల వెనక గారు, తమిళుల పేర్ల వెనక అవర్గళ్ అని. పేరు ముందు మ.రా.రా.శ్రీ, అంటే మహారాజరాజశ్రీ, వెనక పంతులు గారు. పాత ఉత్తరాల పెట్టె ఇంట్లో ఉన్నవాళ్ళు ఒకసారి తీసి చూడండి, కవరు మీద ఇదంతా ఉంటుంది.

గారు, వారు రెండూ గౌరవమే అయితే తేడా ఏంటి?

ఇక్కడే అసలు రుచి ఉంది. అమ్మగారు అంటే ఇంటి యజమానురాలో, ఎవరి తల్లిగారో. అమ్మవారు అంటే గుళ్ళో దేవత. అయ్యగారు వేరు, పాఠం చెప్పే అయ్యవారు వేరు. దేవుళ్ళకి గారు పెట్టం, స్వామివారు, అమ్మవారు అంటాం. రాముడు గారు అని ఎవరైనా అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. దేవుణ్ణి ఎంత దగ్గరగా అనుకుంటామో, రాముడొచ్చాడు, కృష్ణుడు వెన్న దొంగిలించాడు అని ఏకవచనంలోనే అంటాం, అందులో అగౌరవం ఏమీ లేదు.

ఇంకొకటి, ఇంటిపేరు వెనక వారు వస్తుంది, మనిషి పేరు వెనక గారు వస్తుంది. విశ్వనాథ వారు, సత్యనారాయణ గారు. దేవులపల్లి వారు, కృష్ణశాస్త్రి గారు. ఇంటిపేరు ఒక్కరిది కాదు, కుటుంబం మొత్తానిది, అందుకని అక్కడ వారు సహజంగా అతుకుతుంది, ఫలానా వారి అమ్మాయి అంటాం చూడండి, అలాగ. ఇప్పుడు టీవీల్లో ఇంటిపేరుకి కూడా గారు తగిలిస్తున్నారు. తప్పని కొట్టిపారెయ్యను గానీ ఆ తేడా పోతుంటే బాధగా ఉంటుంది.

"లక్ష్మి గారు వచ్చింది" అనొచ్చా?

అనకూడదు. ఈ పేజీ మొత్తంలో ఒక్కటే గుర్తుపెట్టుకోమంటే ఇది గుర్తుపెట్టుకోమంటాను.

గారు పెట్టాక క్రియ కూడా బహువచనంలోకి వెళ్ళాలి. లక్ష్మి గారు వచ్చారు, చెప్పారు, కూర్చున్నారు. మగవాళ్ళ విషయంలో ఈ పొరపాటు చాలా అరుదు, "రావు గారు వచ్చాడు" అని ఎవరూ అనరు, నోరు తిరగదు. ఆడవాళ్ళ దగ్గరికొచ్చేసరికి మాత్రం "మేడం గారు చెప్పింది", "టీచర్ గారు వెళ్ళిపోయింది" అని ధారాళంగా వచ్చేస్తుంది. పేరుకి గారు, క్రియకి ఏమీ లేదు.

ఎందుకలా అంటే దానికి వ్యాకరణంలో కారణం ఉంది. తెలుగులో ఒక్క స్త్రీ గురించి చెప్పేటప్పుడు క్రియ "ది"తో ముగుస్తుంది. ఆమె వచ్చింది. ఆవు వచ్చింది. బస్సు వచ్చింది. మూడింటికీ ఒకటే. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) చదివిన వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, మగవాళ్ళని చెప్పే మాటలు మహత్తులు, పశువులూ వస్తువులూ అమహత్తులు, స్త్రీని చెప్పే మాటలు ఏకవచనంలో అమహత్తులతో కలిసి నడుస్తాయి, బహువచనంలో మహత్తులతో కలిసి నడుస్తాయి. తమిళంలో అవళ్ వందాళ్ అని, కన్నడంలో అవళు బందళు అని ఆడవాళ్ళకి విడిగా రూపం ఉంది. మనకి లేదు. ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు అంటాం, రెండు బస్సులు వచ్చాయి అంటాం, అంటే బహువచనంలోకి వెళ్తే తప్ప మన భాషలో స్త్రీ బస్సు పక్కనుంచి లేచి మనిషి పక్కన కూర్చోదు.

అందుకని గారు పెట్టి "వచ్చారు" అన్నప్పుడు మగవాడికి జరిగేది ఒకటి, అతను ఒక మెట్టెక్కుతాడు. ఆడమనిషికి జరిగేది అంతకంటే పెద్దది, వ్యాకరణంలో ఆమె వస్తువుల వరస దాటి మనుషుల వరసలోకి వస్తుంది. గారు పెట్టి వచ్చింది అన్నామంటే ఇచ్చినట్టే ఇచ్చి వెనక్కి లాక్కున్నట్టు. ఈ మాట మీద నాకున్న పట్టుదలకి మూలం ఇదే.

(అమ్మ వచ్చింది, అక్క చెప్పింది అని ఇంట్లో ప్రేమగా అనుకోవడం వేరు. అక్కడ గారు లేదు, లోటూ లేదు.)

అండి కూడా ఇలాంటిదేనా?

చుట్టాలే, కానీ పని వేరు. గారు మనిషి పేరుకి అతుకుతుంది, అండి మాటకి అతుకుతుంది. అవునండి, లేదండి, ఏమండీ. పాత తెలుగులో రండు, వినుండు అని ఉండేవి, అవే ఇప్పుడు రండి, వినండి అయ్యాయి. ఆ చివరి అండి క్రియల దగ్గరే ఆగకుండా అవును వెనక, కాదు వెనక, ఆఖరికి ఏమి వెనక కూడా చేరింది. ఒకప్పుడు మొగుణ్ణి పేరు పెట్టి పిలవని ఇళ్ళలో ఏమండీ అన్నదే ఆయన పేరు. మా గోదావరి వైపు అండీ, ఆయ్ లేకుండా వాక్యం పూర్తికాదు, రేటు అడిగినా అండీనే, పోట్లాడినా అండీనే.

గోరు అంటే ఏంటి? అది తప్పా?

బాబుగోరు, అమ్మగోరు, దొరగోరు. అది గారే, కోస్తా పల్లెల్లో నోట్లో అలా తిరిగింది. తప్పెందుకవుతుంది? సినిమాల్లో పాలేరు పాత్రల నోట పెట్టి పెట్టి దాన్ని తక్కువ చేశారు గానీ మా తాతయ్య చివరి దాకా మాస్టారుగోరు అనే అన్నాడు, ఆ మాటలో ఉన్న భక్తి నేను ఏ సభలోనూ వినలేదు.

తెలంగాణలో గారు తక్కువగా వాడతారు, గౌరవం తక్కువా?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళు ముందు కొన్నాళ్ళు అక్కడ ఉండాలి. నేను హైదరాబాద్ వచ్చి చాలా ఏళ్ళయింది. అక్కడి ఊళ్ళలో సారు అన్న మాటలో గారు మొత్తం ఉంటుంది. ప్రొఫెసర్ జయశంకర్‌ని జయశంకర్ సార్ అంటారు, అంతకంటే గౌరవం ఇంకేం కావాలి? క్రియలో వస్తరు, వచ్చిన్రు అని బహువచనం ఉండనే ఉంది. దగ్గరివాళ్ళని మాత్రం నువ్వు అంటారు, బాపూ తిన్నవా అని అడుగుతారు, ఆ అడగడంలో ఉన్న ఆప్యాయత "నాన్నగారూ, మీరు భోంచేశారా"లో ఉండకపోవచ్చు కూడా. ఒకరి పలకరింపు మర్యాద, ఇంకొకరిది మొరటు అనే పద్ధతి మనవాళ్ళలో చాలాకాలం నడిచింది, దానివల్ల మనసులు విరిగాయి. రాయలసీమలో అప్పా, అన్నా, సామీ అంటారు, అదీ అంతే.

సొంత అమ్మానాన్నలకి గారు పెట్టాలా?

ఇంటిని బట్టి ఉంటుంది. నాన్నగారు అనే ఇళ్ళు చాలా ఉన్నాయి. కన్నతల్లిని ఎదురుగా అమ్మగారూ అని పిలిచేవాళ్ళు మాత్రం తక్కువ, కానీ బయటివాళ్ళకి చెప్పేటప్పుడు "మా అమ్మగారు టీచరండి" అంటాం. మాట ఎవరితో మాట్లాడుతున్నామో దాన్ని బట్టి మారుతుంది. ఎదుటివాళ్ళ తల్లిదండ్రుల గురించి అయితే మీ అమ్మగారు, మీ నాన్నగారు అనాల్సిందే, చనువుంటే తప్ప.

వరసల్లో గారు ఎవరికి వస్తుంది, ఎవరికి రాదు?

అత్తగారు, మామగారు, బావగారు, వదినగారు, అన్నగారు, వియ్యంకుడుగారు. ఇవన్నీ వయసుకో వరసకో తగ్గట్టే ఉన్నాయి. కానీ అల్లుడుగారు చూడండి. అల్లుడు అత్తమామల కంటే పాతికేళ్ళు చిన్న, అయినా గారు. కోడలికి? "కోడలుగారు" అని ఎవరైనా అన్నారంటే అది వెక్కిరింతే. ఇద్దరూ ఒకే పెళ్ళిలో ఒకే పూట చుట్టాలయ్యారు, ఒకరికి గారు వచ్చింది, ఇంకొకరికి కోడలుపిల్ల మిగిలింది. పల్లకీలో ఎవరున్నారో, పల్లకీ ఎవరు మోస్తున్నారో ఈ ఒక్క మాట చెప్పేస్తుంది. మా తమ్ముడి పెళ్ళయ్యాక మా పెద్దమ్మ కొత్త కోడలి గురించి పక్కింటావిడతో చెబుతూ "మా స్వాతి గారు బ్యాంకులో చేస్తున్నారండి" అంది, నవ్వకుండా, మామూలుగా. ఆ అమ్మాయి గదిలోంచి విని బయటికొచ్చి గుమ్మం దగ్గర అలాగే నిలబడిపోయింది.

గారు వెక్కిరింతగా కూడా వాడతారు కదా?

వాడతారు. "ఏం దొరగారూ, తెల్లారిందా?" అని అమ్మ అంటే లేచి కూర్చోవాలి. అక్కడ గొంతే అర్థం చెబుతుంది. స్నేహితులు ఉన్నట్టుండి పేరు వెనక గారు పెట్టారంటే ఏదో అలక ఉందని అర్థం, ఎందుకంటే గారు గౌరవంతో పాటు దూరాన్ని కూడా తెస్తుంది. కొత్తగా పరిచయమైన ఇద్దరు గారు నుంచి పేరుకి, మీరు నుంచి నువ్వుకి వచ్చిన రోజు ఆ స్నేహానికి పుట్టినరోజు లాంటిది.

చనిపోయినవాళ్ళకి?

దగ్గరి కాలం వాళ్ళకి పెడతాం. శుభలేఖలో కీ.శే. ఫలానా గారి మనవరాలు అని రాస్తాం. ప్రకాశం పంతులు గారు, గిడుగు రామమూర్తి పంతులు గారు అంటాం. నన్నయ గారు, పోతన గారు అనం. కాలం బాగా గడిచాక ఆ మనిషి అందరి సొత్తు అయిపోతాడు, పేరొక్కటే చాలు.

శుభలేఖలో గార్లు అని రాయొచ్చా?

రాయొచ్చు. ఇద్దరి పేర్లు కలిపి రాసినప్పుడు గార్ల అని వస్తుంది: శ్రీమతి ఫలానా, శ్రీ ఫలానా గార్ల ద్వితీయ పుత్రిక. గారు అసలే బహువచనం కదా, మళ్ళీ "లు" ఎందుకని కొందరు అంటారు. వాడుకలో అది గౌరవానికి గుర్తయిపోయింది, మనుషులు ఇద్దరు అని చెప్పడానికి ఇంకో గుర్తు కావాల్సి వచ్చింది, అంతే. ముందు శ్రీ, వెనక గారు రెండూ ఉన్నా ఏం తప్పులేదు, ఎప్పటినుంచో ఉన్న అలవాటే. జీ పెడితే మాత్రం గారు వద్దు. గాంధీజీ అనండి, గాంధీ గారు అనండి, ఏదో ఒకటి.

కలిపి రాయాలా, విడిగా రాయాలా?

వరసలకి కలిపి, అత్తగారు, నాన్నగారు. పేర్లకీ హోదాలకీ ఎక్కువమంది విడిగా రాస్తున్నారు. రెండూ చెల్లుతాయి.

నా పేరుకి నేనే పెట్టుకోవచ్చా?

వద్దు. ఫోన్‌లో "నేను శ్రీనివాస్ గారిని మాట్లాడుతున్నాను" అనేవాళ్ళు ఈమధ్య వినిపిస్తున్నారు. ఈ మాట ఎదుటివాళ్ళు ఇస్తేనే మనది.

మా టీంలో తెలుగు రానివాళ్ళు గారు అంటున్నారు, బాగుంటుందా?

చాలా బాగుంటుంది, మొహమాటపడొద్దని చెప్పండి. ఒక ఢిల్లీ అమ్మాయి మొదట్లో గారు అంటే ఇంటిపేరనుకుంది, ఇంతమంది అన్నదమ్ములు ఒకే కంపెనీలో ఎలా ఉన్నారని అడిగింది. విషయం తెలిశాక మొదట గారు పెట్టింది క్యాంటీన్‌లో టీ ఇచ్చే ఆయనకి.

ఎవరికి పెట్టాలి అన్నదానికి నియమం ఏమైనా ఉందా?

పుస్తకంలో రాసిన నియమం లేదు. వాడుకలో ఉన్నదల్లా వయసు, వరస, ఉద్యోగం, డబ్బు, కులం. చివరి మూడూ చెప్పడానికి కష్టంగా ఉన్నా నిజం అదే. డాక్టర్ గారు అంటాం, అదే గదిలో ఉన్న ఆయమ్మకి పేరు కూడా ఉండదు. పొలం యజమాని ముప్పై ఏళ్ళవాడైనా గారు, ఆ పొలంలో కూలికొచ్చిన డెబ్భై ఏళ్ళాయన ఏరా పోరా. ఇది మా ఊళ్ళో నా కళ్ళతో చూశాను.

మా అమ్మ అంగన్‌వాడీలో ఆయాగా చేసింది. ఒకసారి ఏదో కాగితం మీద సంతకం కోసం ఆమెని ఒక ఆఫీసుకి తీసుకెళ్ళాను. వరండాలో బెంచీ, మా ముందు ఇద్దరు, వెనక ఒక పెద్దాయన, ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలు. మా వంతు వచ్చింది. లోపల్నుంచి గుమాస్తా తల ఎత్తకుండా "ఏయ్ పద్మా, ఇటు రా" అన్నాడు, అతనికి మహా అయితే ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. అమ్మ చెప్పులు బయట విడిచి లోపలికెళ్ళింది, అక్కడ ఎవరూ విడవమనలేదు. వెంటనే వెనకున్నాయన్ని చూసి అతనే లేచి "మీరు రండి మాస్టారు గారూ, కూర్చోండి" అన్నాడు. అమ్మ నిలబడే ఉంది. అప్పుడు ఆ మాస్టారు గారు కుర్చీ అమ్మ వైపు జరిపి "పద్మ గారు ముందు వచ్చారండి, వారి పని చూడండి" అన్నారు. ఆయనకి అమ్మ పేరు అప్పుడే, ఆ గుమాస్తా అరుపులోనే తెలిసింది.

బస్సులో తిరిగొస్తూ అమ్మ ఆ సంతకం సంగతి ఎత్తలేదు. "వచ్చారండి అన్నాడు కదరా ఆయన" అంది, కిటికీలోంచి చూస్తూ, కాసేపటికి మళ్ళీ అదే అంది.